బడి మారుతోంది, టీచర్‌కు తోడెవరు?

(యాదగిరిగుట్టలో జరిగిన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఇప్పుడే ఏడాది నివేదిక చదివారు. ఎందరి ఫీజులు కట్టామో, ఎందరికి పుస్తకాలు, బ్యాగులు అందాయో విన్నాం. సంతోషం. ఆ పుస్తకాన్ని పిల్లల ముందు తెరిచి పాఠం చెప్పే మనిషి గురించి మాత్రం నివేదికలో ఒక్క వాక్యం కూడా లేదు. ఇది మన సొసైటీ నివేదికలో కొత్తగా వచ్చిన లోటు కాదు. సర్కారు నివేదికల్లో కూడా అంతే. మాకు ఇచ్చిన విషయం 'విద్యా సంస్కరణలు, ఉపాధ్యాయులు'. పేరు వినగానే కొందరి చూపు భోజనాల పందిరి వైపు వెళ్లింది, మేము చూడకపోలేదు. ఫర్వాలేదు. మేము ఉపాధ్యాయులం, ఆఖరి పీరియడ్‌లో పాఠం చెప్పడం మాకు అలవాటే.

మేము సర్కారు బడిలో చేరి మూడు దశాబ్దాలు కావొస్తోంది. ఇన్నేళ్లలో ఎన్ని పథకాలు బడి గడప దాటి వచ్చాయో ఒకసారి లెక్కపెట్టుకుందాం. మేము చేరేనాటికి ఏపీపీఈపీ చివరి రోజుల్లో ఉంది. తర్వాత డీపీఈపీ, ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్. పిల్లలకు చదవడం, రాయడం రావాలని క్లిప్ అన్నారు, క్లాప్స్ అన్నారు, ఎల్ఈపీ అన్నారు. తెలంగాణ వచ్చాక త్రీ ఆర్స్ అన్నారు, ఏబీసీ అన్నారు. 2022 ఆగస్టులో తొలిమెట్టు వచ్చింది, మరుసటి ఏడాది పై తరగతులకు ఉన్నతి వచ్చింది. వీటిలో చెడ్డది ఒక్కటీ లేదు. అన్నింటి గమ్యమూ దాదాపు ఒకటే. ఐదో తరగతి పిల్ల ఒక పేజీ తడుముకోకుండా చదవాలి, చదివింది చెప్పాలి, కూడికలు, తీసివేతలు సొంతంగా చేయాలి. ఒకే గమ్యానికి ఇన్ని పేర్లు ఎందుకు కావలసి వచ్చాయి? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా ఏళ్లుగా వేధిస్తోంది.

మాకు తోచిన జవాబు ఒకటే. ప్రతిసారీ పథకం పేరు, ఫారాలు, చార్టులు బడికి చేరాయి. పథకంలోని పని మాత్రం టీచర్ చేతికి అలవాటు కాలేదు. అలవాటు కాకముందే మరో పేరు వచ్చింది.

పాత ఏపీపీఈపీనే చూడండి. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1984లో చిన్నగా మొదలై, క్రమంగా రాష్ట్రమంతా పాకి, 1996లో ముగిసింది. దానికి ఆరు సూత్రాలు ఉండేవి. టీచర్ సొంతంగా కృత్యాలు తయారుచేయాలి. పిల్లలు చేసి, పరిశీలించి నేర్చుకోవాలి. కొంత పని ఒక్కొక్కరుగా, కొంత జట్లుగా, కొంత తరగతి మొత్తంగా సాగాలి. పిల్లల మధ్య ఉండే తేడాలను పట్టించుకోవాలి. ఊరి పరిసరాలను పాఠంలో వాడుకోవాలి. పిల్లల పనిని గదిలో ప్రదర్శించి తరగతిని ఆహ్లాదంగా ఉంచాలి. ఇప్పుడు కొత్త జాతీయ విద్యా విధానం పేరుతో వింటున్న మాటలు చాలా వరకు ఇవే. నలభై ఏళ్ల కింద మన ఊళ్లలో చెప్పినవే.

మరి ఏం జరిగింది? తరగతి గదికి అడ్డంగా తాడు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీశారు. పిల్లల్ని వరసల్లోంచి లేపి గుండ్రంగా కూర్చోబెట్టారు. చాలా చోట్ల గుండ్రంగా కూర్చుని ఎక్కాలే వల్లించారు. తనిఖీకి వచ్చినవారికి తాడు కనిపించింది, గుండ్రం కనిపించింది, సరిపోయింది. టీచర్లు మోసం చేశారని మేము అనము. ఆరు సూత్రాల్లో కంటికి కనిపించేవి ఆ రెండే. మిగతా నాలుగూ టీచర్ ఆలోచనలో జరగాల్సినవి. వాటికి కాలం పడుతుంది, పక్కన అడగడానికి మనిషి ఉండాలి.

ఆ ప్రాజెక్టులో మాకు నిజంగా నచ్చింది ఉపాధ్యాయ కేంద్రాలు. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒక చోట కలిసేవారు. ఎవరి సంచిలోంచి వాళ్లు చింతగింజలు, అగ్గిపుల్లలు, పాత క్యాలెండర్ అట్టలు తీసేవారు. 'నేను స్థానవిలువలు ఇట్ల చెప్పిన, పిల్లలకు ఎక్కలే' అని ఒకరు అంటే, ఇంకొకరు 'కట్టెపుల్లలు పదేసి కట్ట కట్టించు, విప్పించు, అప్పుడు ఎక్కుతది' అనేవారు. అందులో పై అధికారి ఉపన్యాసం తక్కువ, టీచర్ల ముచ్చట ఎక్కువ. ప్రాజెక్టు పోయినా ఆ ముచ్చట్లలో నేర్చుకున్న కట్టెపుల్లల కట్ట మాత్రం ఎందరో టీచర్లు పదవీ విరమణ దాకా వదల్లేదు. తాళ్లు ఎప్పుడో తెగిపోయాయి.

తర్వాతి పెద్ద మార్పు విద్యాహక్కు చట్టంతో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని వెనకే నిరంతర సమగ్ర మూల్యాంకనం, మనందరి నోట సీసీఈ. 2014-15 నుంచి పదో తరగతి పరీక్షలూ ఆ పద్ధతిలోకి మారాయి. 80 మార్కులు పరీక్షకు, 20 బడిలో చేసిన పనికి. ఆలోచన చాలా మంచిది. ఏడాదంతా పిల్ల ఏం చేసిందో చూడాలి, ఒక్క మూడు గంటల పరీక్షతో తేల్చకూడదు. బట్టీ చదువుకు, గైడు పుస్తకానికి పట్టు సడలాలి.

ఇప్పుడు టీచర్ వైపు నుంచి చూడండి. నాలుగు సెక్షన్లకు గణితం చెప్పే ఒక స్కూల్ అసిస్టెంట్ దగ్గర 160 మంది పిల్లలు ఉన్నారనుకోండి. ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు. ఒక్కోదానిలో నాలుగు సాధనాలు: భాగస్వామ్యం, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్. అంటే 160 మందికి ఏడాదిలో 2,560 సార్లు మార్కు వేయాలి. ప్రతి మార్కు వెనక ఒక పిల్లను గమనించి ఉండాలి. ఎవరి వల్ల అవుతుంది? అందుకే ప్రాజెక్టు పనులు నెట్ సెంటర్లకు వెళ్లాయి. ఒకే పెద్ద మనిషి జీవితచరిత్ర, అదే ఫోటోతో, అదే అక్షర దోషాలతో నలభై కాపీలు వచ్చేవి. ఆ పనికి ఒక్కో పిల్ల నుంచి వసూలైన ముప్పయ్యో నలభయ్యో రూపాయలు, దాతలారా, మీరు ఇచ్చిన స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి కూడా కొన్ని పోయే ఉంటాయి.

మార్పును అమలు చేయమన్నవాళ్లు దానికి పట్టే గంటలు లెక్కగట్టలేదు. గంటలు లేనప్పుడు టీచర్ ఏం చేస్తాడు? పనిని కాగితంగా మారుస్తాడు. ఇది బద్ధకం కాదు, బతుకుతెరువు.

కరోనా కాలం మీకు గుర్తుంది. 2020 సెప్టెంబర్ 1 నుంచి పాఠాలు టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో వచ్చాయి. మన గుట్ట పేరు పెట్టుకున్న చానల్‌లోనే. ఫోన్ పట్టుకోవడం రాని టీచర్లు వాట్సాప్ గ్రూపులు నడిపారు. అప్పుడు నేర్చుకున్నది తర్వాత చాలా పనికొచ్చింది, కాదనలేం. ఎందుకంటే ఆ ఒక్కసారి అందరూ ఒకరినొకరు సిగ్గుపడకుండా అడిగారు. ఇంట్లో కొడుకును, కూతురిని అడిగారు. 'ఇది ఎట్ల పంపాలె బిడ్డా' అని అడగడానికి ఎవరూ వెనకాడలేదు, ఎవరికీ రాదు కనుక.

ఇక అసలు విషయానికి వస్తాం. మన పిల్లలకు, మన టీచర్లకు అన్నింటికంటే పెద్ద మార్పు ఇంగ్లీషు మీడియం. మన వాళ్లలో చాలా ఇళ్లకు ఆ ఆశ మైనారిటీ గురుకులాలతోనే వచ్చింది. 2016 జూన్‌లో 71 బడులతో మొదలై తర్వాత 204కు పెరిగాయి. ఆడపిల్లను హాస్టల్‌కు పంపని ఇళ్లు కూడా పంపాయి. ఆ తర్వాత 2022 జనవరిలో రాష్ట్ర మంత్రివర్గం 'మన ఊరు మన బడి'తో పాటు సర్కారు బడులన్నింటిలో ఇంగ్లీషు మీడియం అన్న నిర్ణయం తీసుకుంది. 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి దాకా మొదలుపెట్టారు. పుస్తకం రెండు భాషల్లో వచ్చింది, ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు. మాకు తెలిసి ఈ ముప్పై ఏళ్లలో వచ్చిన తెలివైన పనుల్లో ఆ పుస్తకం ఒకటి. టీచర్ల శిక్షణ కూడా అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం సహకారంతో జరిగింది. 'మన ఊరు మన బడి'కి 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయలు అన్నారు. పనులు 12 రకాలు: మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు, బల్లలు, రంగులు, ప్రహరీ, వంటగది వగైరా. అన్నీ కావలసినవే. అది కట్టడాల పథకం కాబట్టి ఆ 12లో టీచర్ లేడని మేము తప్పుపట్టం. మరి టీచర్ కోసం అంత పెద్ద పథకం ఎప్పుడు వచ్చింది అని మాత్రం అడుగుతాం.

ఒక టీచర్‌ను ఊహించుకోండి. యాభై రెండేళ్లు. తెలుగు మీడియంలో పది చదివాడు, తెలుగు మీడియంలోనే టీచర్ ట్రైనింగ్ చేశాడు. ఊళ్లో అతనికి మంచి పేరు. భిన్నాలు చెప్పాలంటే ఇంటి నుంచి రొట్టె తెస్తాడు, నాలుగు ముక్కలు చేస్తాడు, మూడు ముక్కలు ఇచ్చి 'ఇప్పుడు చెప్పు' అంటాడు. అది అతని విద్య. ఇరవై ఐదేళ్లు పట్టింది సాధించడానికి. జూన్‌లో బడి తెరిచేసరికి అదే పాఠం ఇంగ్లీషులో చెప్పమన్నారు. రొట్టె అదే, చెయ్యి అదే, మాట మాత్రం రాదు. పిల్లల ముందు నాలుక తడబడుతుంది. పక్క ఊరి ప్రైవేటు బడిలో చదివిన పిల్ల ఒకతె ఫక్కున నవ్వుతుంది. ఆ నవ్వు విన్న రోజు నుంచి అతను రొట్టె తేవడం మానేస్తాడు. పుస్తకం చూసి చదివిస్తాడు, ప్రశ్నా జవాబులు బోర్డు మీద రాస్తాడు, రాసుకోమంటాడు. చూసేవాళ్లకు ఇంగ్లీషు మీడియం నడుస్తున్నట్టే ఉంటుంది.

సంస్కరణ ముందు టీచర్ చేతిలో ఉన్న విద్యను తీసుకుంటుంది, కొత్త విద్యను తర్వాత ఇస్తుంది. ఆ రెండింటి మధ్య ఒక పల్లం ఉంది. కెనడాకు చెందిన మైకేల్ ఫులన్ అనే విద్యావేత్త దీని గురించి విస్తారంగా రాశారు. మంచి మార్పు అయినా సరే, మొదలైన కొత్తలో పని మెరుగుపడకముందు కొంత దిగజారుతుందని ఆయన చెప్పారు. మేము బి.ఎడ్.లో చదివిన పుస్తకాల్లో ఈ సంగతి లేదు, ఉంటే బాగుండేది. ఆ పల్లంలో ఉన్న టీచర్‌కు నోటీసు ఇస్తే ఇంకా కిందికి జారుతాడు. చెయ్యి ఇస్తే ఎక్కుతాడు.

పల్లం ఎట్లుంటుందో మన ఊళ్లో ఆటో నడిపే అన్నదమ్ములను అడగండి. 2022లో ఆలయం మళ్లీ తెరిచాక కొండ మీదికి ఆటోలు ఆపేశారు. మళ్లీ అనుమతి వచ్చేసరికి 2024 వచ్చింది. కొండ అందంగా తయారైంది, దాన్ని ఎవరూ కాదనరు. మార్పు మంచిదా చెడ్డదా అన్నది వేరు, మధ్యలో ఆ రెండేళ్లు ఇల్లు ఎట్ల గడిచింది అన్నది వేరు. టీచర్ జీతం ఆగదు కాబట్టి అతని పల్లం బయటికి కనిపించదు. అతని నష్టం పిల్లల నోటుపుస్తకంలో కనిపిస్తుంది.

చిన్న ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. ప్రాథమిక బడిలో ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదుకు నాలుగేసి. మొత్తం 18. చాలా బడుల్లో టీచర్లు ఇద్దరు. ఒకరు సెలవు పెడితే ఒక్కరు. శిక్షణ వీడియో ఫోన్‌లో ఒక పక్క నడుస్తుంటుంది, ఇంకో పక్క మధ్యాహ్న భోజనం లెక్క, ఆ పక్కనే హాజరు యాప్. వీడియో పూర్తయింది, సర్టిఫికెట్ వచ్చింది. లోపలికి ఏం వెళ్లిందో అల్లాహ్‌కే తెలుసు.

మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి భాషలు మూడు అవుతాయి. ఇంట్లో మన దక్కనీ ఉర్దూ. వీధిలో, బడిలో తెలుగు. పుస్తకంలో ఇంగ్లీషు. భిన్నం అంటే అమ్మకు తెలియదు, కసర్ అంటే టీచర్‌కు తెలియదు, ఫ్రాక్షన్ అంటే పిల్లకు తెలియదు. భిన్నంలో కింది అంకెను తెలుగులో హారం అంటాం. మూడో తరగతి పిల్ల ఒకతె 'హారం అంటే దేవునికి వేసే పూలదండ కద టీచర్' అని అడిగింది. గుట్టలో పుట్టిన పిల్ల, గుడి వీధిలో రోజూ చూసేది పూలదండలే. తప్పేముంది?

ఆ పిల్ల టీచర్, మా తోటి ఉపాధ్యాయురాలు, తర్వాత చేసిన పని చెప్పాలి. ఆవిడకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. రెండు భాషల పుస్తకం తీసి, నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ మూడు గడులు గీయించింది. ఒకటి తెలుగుకు, ఒకటి ఇంగ్లీషుకు, మూడోది ఖాళీ. 'ఇంటికి పోయి అమ్మను అడిగి నింపుకుని రా' అంది. చాలామంది ఖాళీగానే తెచ్చారు. ఒక్క పిల్ల గడి మాత్రం నిండి వచ్చింది, తెలుగు అక్షరాల్లో. హారం ఎదురుగా 'నసబ్ నుమా', లవం ఎదురుగా 'షుమార్ కునిందా'. ఆరా తీస్తే ఆ అమ్మ ఏడో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివింది. పెళ్లయ్యాక ఇరవై ఏళ్లలో ఆ మాటలు ఎవరూ అడగలేదు. టీచర్ ఆవిడను బడికి పిలిచింది. వచ్చింది, వెనక బల్ల మీద కూర్చుంది, కిరణజన్య సంయోగక్రియను ఉర్దూలో జియాయీ తాలీఫ్ అంటారని చెప్పింది. టీచర్ రాసుకుంది. ఆ రోజు ముగ్గురు నేర్చుకున్నారు. అమ్మ ఫోటోసింథసిస్ అనే మాట నేర్చుకుంది, టీచర్ జియాయీ తాలీఫ్ నేర్చుకుంది. పిల్ల నేర్చుకున్నది ఇంకా పెద్దది. తన ఇంటి భాషకు కూడా బడిలో కుర్చీ ఉందని దానికి తెలిసింది.

ఈ పని ఏ ఉత్తర్వులోనూ లేదు. ఏ పథకానికీ ఇది లెక్కలోకి రాదు. ఆవిడ ఎందుకు చేయగలిగింది? మేము అడిగాం. 'మా హెడ్‌మాస్టర్ సార్ ఆ నెల నన్ను సిలబస్ ఎందాక అయింది అని అడగలేదు' అంది. అంతే.

భాష మార్పు మనకు కొత్త కాదు. మన ముసలమ్మలు 'నాలుగో జమాత్ దాకా చదివిన' అనేవారు, తరగతిని జమాత్ అనేంతగా ఉర్దూ చదువు ఈ ఊళ్లలో ఉండేది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఏర్పడింది. అప్పటివరకు ఒక భారతీయ భాషలో ఉన్నత చదువు ఆ స్థాయిలో చెప్పింది లేదు. దానికంటే ముందు, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి సారథి. శాస్త్ర పదాలకు ఉర్దూ మాటలు తయారుచేయడానికి, పుస్తకాలు అనువదించడానికి పండితులను కూర్చోబెట్టారు. తరగతులు మొదలైంది 1919లో. అంటే ముందు మాట, తర్వాత పుస్తకం, ఆ తర్వాతే పాఠం. నసబ్ నుమా, జియాయీ తాలీఫ్ లాంటి మాటలు మన అమ్మల నోటికి చేరింది అలాంటి శ్రమ వల్లే. 1948 తర్వాత మళ్లీ తిరగబడింది. ఉర్దూలో పాఠం చెప్పే ఉపాధ్యాయులు తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. ఈసారి వాళ్లకు దారుల్ తర్జుమా లేదు. ఆ తరం వాళ్లు మన ఇళ్లలో కొందరు ఉండేవారు. వాళ్లు ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడేవారు కాదు.

టీచర్ మారాలంటే ఏం చేయాలి అన్నదానికి ప్రపంచం దగ్గర రహస్యమేమీ లేదు. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు 1980ల్లోనే పరిశోధించి చెప్పారు. ఉపన్యాసం విని వెళ్లిన టీచర్ తరగతిలో దాదాపు పాత పద్ధతే నడుపుతాడు. విన్నదాన్ని చేసి చూసి, పక్కన తోటి టీచర్ కూర్చుని మళ్లీ మళ్లీ మాట్లాడుకుంటేనే కొత్తది పట్టుబడుతుంది. జపాన్‌లో జుగ్యో కెంక్యూ అని ఒక ఆచారం ఉంది. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒక్క పాఠం తయారుచేస్తారు. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు పిల్లల్ని గమనిస్తారు. తర్వాత కూర్చుని పాఠంలో ఎక్కడ పిల్లలు ఆగిపోయారో మాట్లాడుకుంటారు. పాఠాన్ని తప్పుపడతారు, టీచర్‌ను కాదు. చదివినప్పుడు మాకు ఏపీపీఈపీ ఉపాధ్యాయ కేంద్రం గుర్తొచ్చింది, చింతగింజల సంచితో సహా.

మన చేతిలో ఇప్పుడు ఇంకో అవకాశం ఉంది. 2017 టీఆర్టీ తర్వాత చాలా కాలం ఆగి, 2024లో డీఎస్సీ జరిగింది. మన మండలాల బడుల్లోకి కుర్ర టీచర్లు వచ్చారు. వాళ్లకు ఇంగ్లీషు బెరుకు లేదు, ఫోన్ బెరుకు లేదు. నలభై మంది పిల్లలు ఒకేసారి లేచి నిలబడితే ఏం చేయాలో తెలియదు. రొట్టె సార్‌కు అది తెలుసు. ఈ ఇద్దర్నీ ఒక చోట కూర్చోబెట్టాలి. రొట్టె సార్ ఫోన్ అడిగితే సిగ్గు కాదు, కుర్ర టీచర్ తరగతి అదుపు గురించి అడిగితే సిగ్గు కాదు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి కావాలి కాబట్టి ఎవరూ చిన్నబోరు.

ఇప్పుడు దాతల దగ్గరికి వస్తాం. మన సొసైటీ సాయంత్రం ట్యూషన్ కేంద్రంలో చెప్పే అమ్మాయిలు ఇంటర్, డిగ్రీ చదివినవారు. మనవాళ్లు నడిపే చిన్న ప్రైవేటు బడుల్లో చెప్పేవాళ్లూ అలాంటివారే. చాలామందికి బి.ఎడ్. లేదు. జీతం తక్కువ, పెళ్లి కుదిరితే వెళ్లిపోతారు, మళ్లీ కొత్త అమ్మాయి, మళ్లీ మొదటి నుంచి. సర్కారు శిక్షణ ఎంత అరకొరగా ఉన్నా సర్కారు టీచర్‌కు ఏదో ఒకటి ఉంది. వీళ్లకు అదీ లేదు. మనం ప్రతి ఏడూ ఫలితాలు అడుగుతాం. పదిలో ఎన్ని మార్కులు అని అడిగి, వేదిక మీద షీల్డు ఇచ్చి ఫోటో దిగుతాం. పోయినేడు చెప్పిన టీచర్లలో ఈ ఏడు ఎంతమంది ఉన్నారు అని ఎప్పుడైనా అడిగామా?

డబ్బు సంగతి నేరుగా మాట్లాడుకుందాం. జకాత్ సొమ్ముకు హక్కుదారులు ఎవరో నిర్ణయమై ఉంది. అది అర్హులైన పిల్లల ఫీజులకు, పుస్తకాలకే పోవాలి. టీచర్ల సమావేశానికి అది ముట్టుకోవద్దు. మేము అడిగేది సదఖా నుంచి, లిల్లాహ్ ఇచ్చే చందా నుంచి. ఎంత కావాలి? ఏడాదికి పది సమావేశాలు, ఒక్కోదానికి ఇరవై మంది టీచర్లు. సర్కారు బడివాళ్లు, ప్రైవేటువాళ్లు, ట్యూషన్ అమ్మాయిలు, ముస్లింలు, హిందువులు అందరూ. మన పిల్లలకు పాఠం చెప్పేవాళ్లలో ఎక్కువమంది హిందువులే కదా, వాళ్లను పిలవకుండా మనం ఎవరికి నేర్పుతాం? ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు. మగవాళ్లకు చార్జీలు, అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, చార్టులు, జిరాక్స్. ఒక మామూలు వలీమాలో రెండు దస్తర్‌ఖాన్‌ల మీద వడ్డించేంత ఖర్చు కూడా కాదు. అసలు ఖర్చు వేరే ఉంది. ట్యూషన్ అమ్మాయిలకు ఆ పూట కూలి కట్టివ్వాలి. చేరి రెండేళ్లు నిలిచినవారి జీతం కొంత పెంచాలి. ఇది ఫోటోలో పడదు, శిలాఫలకం మీద పేరు పడదు. అందుకే దీన్ని ముందుగానే చెబుతున్నాం.

ఒక్క షరతు కూడా పెడతాం, పెద్దలు మన్నించాలి. ఆ సమావేశంలో ఉపన్యాసాలు వద్దు. ముఖ్య అతిథి వద్దు. మేము కూడా మాట్లాడం. ఒక టీచర్ ఒక పాఠం చెబుతుంది, పదిమంది పిల్లలు ఎదురుగా ఉంటారు, మిగతావాళ్లు చూస్తారు, తర్వాత మాట్లాడుకుంటారు. ఎవరు ఎట్ల చెప్పారన్నది ఆ గది దాటి బయటికి రాదు. హెడ్‌మాస్టర్‌కు రిపోర్టు పోదు, సొసైటీకి కూడా పోదు. దాతలు వచ్చి చూడాలనుకుంటే వెనక కూర్చోవచ్చు, నవ్వకూడదు.

రెండో శనివారం బడులకు సెలవు. పొద్దున పది నుంచి ఒంటి గంట దాకా. జొహర్ వేళకు ముగించేస్తాం. మొదటి మూడు నెలలు గణితమే, మూడు నుంచి ఐదో తరగతి దాకా. మూడో గడి నింపడానికి ఉర్దూ మీడియంలో చదివిన అమ్మలు, నానమ్మలు, రిటైరైన మాస్టార్లు కావాలి. ఎంతవరకు చదివారన్నది ముఖ్యం కాదు. ఏడో జమాత్ చదివినా చాలు. ఇక్కడ కూర్చున్నవారిలో కనీసం పదిమంది ఉన్నారని మాకు తెలుసు, కొందరి పేర్లు కూడా తెలుసు, ఇప్పుడు పిలిచి ఇబ్బంది పెట్టం. భోజనాల పందిరి దగ్గర, చేతులు కడుక్కునే చోటు పక్కన, కార్యదర్శి గారు ఒక రిజిస్టరు పెట్టుకుని కూర్చుంటారు. పేరు, ఫోన్ నంబరు రాయించండి. చందా రాసే రిజిస్టరు వేరే ఉంది, అది ఎడమవైపు.